ఉద్దిష్ట పాఠకుడు: ఆంగ్లభాషా పరీక్షలలో స్నేహలేఖ, సమీక్ష

ఆంగ్లభాషా సామర్థ్యమును నిర్ణయించు పరీక్షలలో నేడు అభ్యర్థులనుండి కోరబడు రచనలలో రెండు విశేషముగా పరిశీలింపదగినవి. ఒకటి మిత్రునకు వ్రాయు ఈ-మెయిలు. రెండవది చూచిన చలనచిత్రమును గూర్చియో, చదివిన గ్రంథమును గూర్చియో, బసచేసిన హోటలును గూర్చియో వ్రాయు సమీక్ష. పైకి చూచుటకు ఇవి రెండును మిక్కిలి సులభములు. వ్యాకరణ సూత్రములను చక్కగ నేర్చినవాడు, పెద్దవ్యాసమును సైతము తడబడక వ్రాయగలవాడు, ఈ చిన్నరచనలకడ చిక్కుపడుటకు కారణమేమి? ఇది ఆంగ్లశాఖవారి సమస్యయని తెలుగు ఉపాధ్యాయులు ఉపేక్షింపదగదు. ఇందలి చిక్కు పదజాలమునకు సంబంధించినంతగా శైలికిని, సంబోధనకును, ఔచిత్యమునకును సంబంధించినది. ఆ విషయములు మన శాఖలలో నిత్యము చర్చకు వచ్చునవే. కావున ఈ రెండు రచనల స్వరూపమును, వానిని పరీక్షించు పద్ధతిని, మన విద్యార్థులు వానియందు పొరపడు తావులను వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. పరీక్షాస్వరూపము

కేంబ్రిడ్జి వారు నిర్వహించు ‘బి2 ఫస్ట్’ అను పరీక్షను ఉదాహరణముగా గ్రహింతము. కేంబ్రిడ్జి వారు ఆంగ్లము మాతృభాష కానివారికై తొలిపరీక్షను 1913లో నెలకొల్పిరి. ఆ సంవత్సరమున దానికి హాజరైనవారు ముగ్గురే. అందు భాషాంతరీకరణము, వ్యాకరణము, ధ్వనిశాస్త్రము, సాహిత్యము అను విషయములతోపాటు వ్యాసరచనయు నుండెను. అంతకంటె తక్కువ స్థాయివారికై 1939లో ‘లోయర్ సర్టిఫికెట్’ అను పరీక్ష యేర్పడినది. అదియే 1975లో ‘ఫస్ట్ సర్టిఫికెట్’ అను పేరు వహించి, కాలక్రమమున ‘బి2 ఫస్ట్’ అయినది. ‘బి2’ అనునది 2001లో ఐరోపామండలివారు ప్రకటించిన భాషాసామర్థ్య ప్రమాణములలోని ఆరు మెట్లలో నాలుగవది.

ఈ పరీక్షలో రచనకు కేటాయించిన కాలము 80 నిమిషములు. వ్రాయవలసినవి రెండు రచనలు. ఒక్కొక్కటి 140 మొదలు 190 పదముల వరకు నుండవలెను. మొదటిది అందరును వ్రాయవలసిన వ్యాసము. రెండవది అభ్యర్థి తాను ఎన్నుకొనునది. ఈ-మెయిలు లేక లేఖ, సమీక్ష, పత్రికావ్యాసము, నివేదిక అను ప్రక్రియలలోనుండి మూడు ప్రశ్నలు ఈయబడును. అందొకటి వ్రాసిన చాలును. ఐరోపామండలివారి ప్రమాణములలో బి2 స్థాయికి చెప్పిన లక్షణములను చూచినచో ఈ ప్రక్రియలు ఇందేల చేరినవో తెలియును. తన అనుభవములు తనకెంత ముఖ్యమైనవో తెలుపుచు, ఎదుటివాడు వ్రాసిన వార్తలకు స్పందించుచు లేఖ వ్రాయగలుగుట ఒక లక్షణము. చలనచిత్రమును, గ్రంథమును, నాటకమును సమీక్షింపగలుగుట వేరొక లక్షణము.

మూల్యాంకనమునకు నాలుగు కొలతలు కలవు. విషయము, ప్రయోజనసిద్ధి, క్రమవిన్యాసము, భాష అని వానిని మనము పేర్కొనవచ్చును. ఒక్కొక్క కొలతకు గరిష్ఠముగా 5 మార్కులు, ఒక్కొక్క రచనకు 20, రెండింటికి 40. వ్యాకరణము, పదసంపద, వర్ణక్రమము మున్నగునవన్నియు నాలుగవ కొలతలోనే యిమిడినవి. అనగా రచనకు వచ్చు మార్కులలో మూడు పాళ్లు వ్యాకరణేతరములైన గుణములపై ఆధారపడియున్నవి. అడిగిన విషయములన్నియు చెప్పబడినవా? ఆ ప్రక్రియకును, ఆ పాఠకునకును తగిన రీతిలో చెప్పబడినవా? చెప్పిన వరుస సుబోధముగ నున్నదా? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములే ఆ మూడు కొలతలు. ‘నా విద్యార్థి ఒక్క తప్పును చేయలేదు, ఐనను మార్కులు తగ్గినవి’ అని ఉపాధ్యాయులు ఆశ్చర్యపడుటకు మూలమిచ్చటనే యున్నది.

2. పాఠకుడు గల రచన, పాఠకుడు లేని రచన

పాఠశాలలో మనము నేర్పు వ్యాసమునకు సామాన్యముగా పాఠకుడుండడు. ‘గ్రంథాలయములు’, ‘విహారయాత్రలు’ అను వ్యాసములను విద్యార్థి ఎవ్వరిని గూర్చి వ్రాయుచున్నాడు? ఎవ్వరిని గూర్చియు కాదు. తనకు తెలిసినదానిని తెలిసినంతవరకు ప్రదర్శించుటయే అందలి ప్రయోజనము. ఈ-మెయిలు అట్టిది కాదు. ప్రశ్నపత్రములోనే ఒక మిత్రుని లేఖాభాగము ముద్రింపబడియుండును. అందతడు కొన్ని ప్రశ్నలడిగియుండును. వానికి బదులు వ్రాయవలెను. సమీక్షకును ఇట్లే పాఠకుడు నిర్దిష్టుడు. ఫలానా పత్రికకో, ఫలానా కళాశాల సంచికకో సమీక్షలు కావలెనని ప్రకటన యుండును.

ఇచ్చట ఒక సందేహము పుట్టవచ్చును. ఆ మిత్రుడు కల్పితుడు కదా. వాస్తవముగా చదువువాడు పరీక్షకుడే కదా! నిజమే. చిక్కంతయు అచ్చటనే యున్నది. అభ్యర్థి మిత్రునకు ఉత్తరము వ్రాయుచు పరీక్షకునకు నమస్కరించుచున్నాడు. గౌరవనీయుడైన పరీక్షకుని యెదుట చనువుగా మాటలాడుట అవినయమని అతని సంస్కారము హెచ్చరించును. తత్ఫలితముగా అతని భాష బిగుసుకొనును. కాని పరీక్షకుడు కోరుచున్నది తనకు నమస్కారము కాదు; ఆ మిత్రునితో అతడెట్లు మాటలాడునో వినుటయే. నాటకమున పాత్ర రాజుతో మాటలాడునప్పుడు ప్రేక్షకులకు మ్రొక్కదు. సంభాషణ పాత్రోచితముగ నున్నదా లేదా యని ప్రేక్షకుడు విచారించును. క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగా నిరూపించినాడు. కావ్యమునకై చెప్పిన ఆ మాట ఈ చిన్న లేఖకును చెల్లును.

3. స్నేహలేఖయందలి శైలి

ఒక ప్రశ్నను కల్పించి చూతము. ఆంగ్లదేశమునందలి మిత్రుడిట్లు వ్రాసినాడనుకొందము: వచ్చే నెల మీ ఊరికి వస్తున్నాను, మూడు రోజులుంటాను, ఏమేమి చూడాలి? ఎలాంటి బట్టలు తెచ్చుకోవాలి? మీ ఇంట్లోవాళ్ళకు ఏం తెస్తే బాగుంటుంది? దీనికి మన విద్యార్థి తెలుగుననే యిట్లు బదులు వ్రాసిన నెట్లుండును?

“తమ లేఖ చేరినది. తమరు మా గ్రామమునకు విచ్చేయుచున్నారను వార్త మాకు పరమానందమును కలిగించినది. తమ ప్రశ్నలకు సమాధానములు ఈ దిగువ పొందుపరచడమైనది.”

ఇందు వ్యాకరణదోషము లేదు. ఐనను చదివినవాడు నవ్వక మానడు. అదే విషయమును ఇట్లు వ్రాసిన నెట్లుండును?

“నీ మెయిలు ఇప్పుడే చూశాను. నిజంగా వస్తున్నావా! మా అమ్మ అప్పుడే నీకేం వండాలో ఆలోచిస్తోంది. బట్టల సంగతి అడిగావు కదా, ఆ నెలలో ఇక్కడ ఎండ మండిపోతుంది, నూలుబట్టలు తప్ప ఇంకేమీ తేకు.”

రెండవది చదివినవానికి ఇద్దరు మనుష్యులు కనబడుదురు. మొదటిదానియందు ఒక కార్యాలయము కనబడును. మన అభ్యర్థులు ఆంగ్లమున వ్రాయునది పెక్కుసారులు మొదటి దానివంటిదే. ‘ఐ యామ్ ఇన్ రిసీట్ ఆఫ్ యువర్ లెటర్’ అని ప్రారంభించి, ‘కైండ్లీ’ అను పదమును వాక్యమునకొకమారు చేర్చి, ‘థాంకింగ్ యు’ అని ముగింతురు. దీనికి కారణము వారు తొలుత నేర్చిన ఆంగ్లలేఖ సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునకు వ్రాసిన అర్జీ యగుటయే. ఆ అర్జీ యొక్కటియే వారికి లేఖలన్నింటికిని అచ్చు అయినది. మన సంప్రదాయలేఖలలోని ‘ఉభయకుశలోపరి’ వంటి ఉపక్రమములును దీనికి తోడుపడినవి. ఉత్తరమున విషయమునకు ముందు క్షేమసమాచారము రావలెనను నియమము మనకు చిరపరిచితము. దానిని అనుసరించియే ‘ఈ మెయిలు అందునప్పటికి మీరు ఆయురారోగ్యములతో నుందురని తలచెదను’ అను అర్థము గల వాక్యమును కంఠస్థముచేసి ప్రతి లేఖకును తగిలింతురు. మిత్రుడు వ్రాసిన వార్తకు స్పందించుచు ఆరంభించిన ఆంగ్లలేఖ దానికంటె సహజముగ నుండును.

ఆంగ్లమున చనవును తెలుపు సాధనములెవ్వి? తెలుగున చనవును గౌరవమును ప్రధానముగా సర్వనామముచేతను క్రియచేతను తెలియును. ‘నీవు వచ్చితివి’, ‘మీరు వచ్చితిరి’ అనుటలోనే సంబంధమంతయు వ్యక్తమగును. ఆంగ్లమున పూర్వమున్న ‘దౌ’ అను ఏకవచన సర్వనామము సామాన్యవ్యవహారమునుండి తొలగినది. నేడు మిత్రునకును మంత్రికిని ‘యు’ ఒక్కటే. కావున తెలుగున క్రియ చేయు పనిని ఆంగ్లమున ఇతర సాధనములు చేయవలసివచ్చును. అవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది సంక్షిప్తరూపములు. ‘ఐ యామ్’ అనుటకు ‘ఐమ్’, ‘డు నాట్’ అనుటకు ‘డోంట్’ స్నేహలేఖలో సహజములు. రెండవది పదముల ఎన్నిక. 1066లో నార్మనులు ఆంగ్లదేశమును జయించిన పిదప ఫ్రెంచిభాషనుండియు, అనంతరము లాటినునుండియు వేలకొలది పదములు ఆంగ్లమున ప్రవేశించినవి. తత్ఫలితముగా ఒకే అర్థమునకు దేశీయపద మొకటి, ఎరువుపద మొకటి అనేక తావుల నిలిచినవి. ‘హెల్ప్’, ‘ఆస్క్’, ‘గెట్’ అనునవి ఇంటిపదములు. ‘అసిస్ట్’, ‘ఎంక్వైర్’, ‘అబ్టెయిన్’ అనునవి కచేరిపదములు. తెలుగున దేశ్యములకును తత్సమములకును గల భేదము నెరిగిన విద్యార్థికి దీనిని బోధించుట కష్టము కాదు. ‘ఇల్లు కొన్నాను’ అనుటకును ‘గృహమును క్రయము చేసితిని’ అనుటకును గల భేదమే యది. అట్లే ‘పోస్ట్‌పోన్’ అనుటకు ‘పుట్ ఆఫ్’ అనియు, ‘కంటిన్యూ’ అనుటకు ‘క్యారీ ఆన్’ అనియు చిన్నక్రియకు ఉపపదమును చేర్చి పలుకుట స్నేహభాషాలక్షణము.

మూడవది సంభాషణధోరణి. ‘బై ది వే’, ‘ఎనీవే’ వంటి మాటలతో ఒక విషయమునుండి వేరొకదానికి మరలుట, పాఠకుని ప్రశ్నించుట, ఆశ్చర్యార్థకములను మితముగా వాడుట ఇందు చేరును. నాలుగవది ఆరంభాంతములు. ‘డియర్ సర్’ అని తొడగి ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అని ముగించుట స్నేహితునకు తగదు. ‘హాయ్’ అనియో ‘డియర్’ అని పేరుతోడనో ఆరంభించి ‘బెస్ట్ విషెస్’, ‘సీ యు సూన్’ వంటి మాటలతో ముగించుట తగును. చిరునామాలు వ్రాయనక్కరలేదు.

చనువనగా అజాగ్రత్త కాదని విద్యార్థికి స్పష్టముగ చెప్పవలెను. ‘యు’ అను పదమునకు ఒక్క అక్షరమును వ్రాయుట, వాక్యారంభమున పెద్దక్షరమును విడుచుట మున్నగునవి చరవాణి సందేశములకు పరిమితములు; పరీక్షలో అవి భాషాలోపములుగనే కనబడును. మిత్రుడడిగిన ప్రతి ప్రశ్నకును బదులుండవలెననుట మరువరాని నియమము. పై ఉదాహరణమున కానుకను గూర్చి చెప్పక విడిచినచో, తక్కిన లేఖ ఎంత రమ్యముగ నున్నను, విషయమునందు కొరత యేర్పడును. పదసంఖ్య మించిన మాత్రమున మార్కులను కోయు నియమము లేదు. కాని దీర్ఘమైన రచనలో అప్రస్తుతము చొరబడును. పదసంఖ్య మరీ తగ్గినచో చెప్పవలసినదే మిగిలిపోవును.

4. సమీక్షారచన

సమీక్షయందు అభ్యర్థులు పొరపడు రీతి వేరు. ఇచ్చట వారు కథను చెప్పి ఊరకుందురు. సమీక్షకు నాలుగు పనులు కలవు: వస్తువును పరిచయము చేయుట, అదెట్టిదో పాఠకునకు కన్నులకు కట్టునట్లు వర్ణించుట, కారణసహితముగా గుణదోషములను నిర్ణయించుట, చూడదగునో కాదో, ఎవ్వరు చూడదగునో చెప్పుట. కథనము మొదటి రెండింటిలో ఒక భాగము మాత్రమే.

1957లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయావారు నిర్మించిన ‘మాయాబజార్’ను ఒక అభ్యర్థి సమీక్షకై ఎన్నుకొన్నాడనుకొందము. శశిరేఖాభిమన్యుల ప్రణయమును మొదటినుండి తుదివరకు చెప్పబూనినచో 190 పదములు కథకే చాలవు. అంతియకాక భారతకథ నెరుగని విదేశపాఠకునకు ఆ పేర్లన్నియు గందరగోళమును కలిగించును. అతనికి తెలియవలసినవి వేరు. ఇది ఇతిహాసపాత్రలతో అల్లిన వినోదకథయనియు, పాండవుల బంధువుల కథయైనను పాండవులు ఒక్కమారైనను తెరపై కనబడరనియు చెప్పిన అతని కుతూహలము పెరుగును. పిమ్మట ఒక్క ఘట్టమును గ్రహింపవలెను. ఎస్. వి. రంగారావు ధరించిన ఘటోత్కచుడు పెండ్లివిందును ఒంటరిగా ఆరగించు ఘట్టమున పాత్రలు తమంత తాము కదలివచ్చుటను, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణనైపుణ్యమును రెండు వాక్యములలో వర్ణించినచో చిత్రస్వభావము పాఠకునకు బోధపడును. ‘చిత్రము నిడివి మూడు గంటలు, పాటలకు అలవాటుపడనివారికి ప్రథమార్ధము మందముగా తోచవచ్చును’ అని చెప్పుట దోషోద్ఘాటనము కాదు, పాఠకునియెడ బాధ్యత. తుదకు ‘పిల్లలతో కలసి చూడదగినది’ అనిన సమీక్ష పూర్ణమగును.

దోషమును చెప్పుటకు మన విద్యార్థులు జంకుదురు. పెద్దల కృతిని నిందించుట తగదను భావము ఒక కారణము. గుణమును చెప్పునప్పుడును ‘చాలా బాగున్నది’ అను మాట దాటిపోరు. ‘వెరీ నైస్’, ‘సూపర్’ అను పదములు రచనయంతట పరచుకొనును. ఇవి అభిప్రాయములే కాని నిర్ణయములు కావు. ‘బాగున్నది’ అనిన పిదప ‘ఏలనన’ అను మాటకు సమాధానముండిన గాని నిర్ణయము కాదు. ఈ విచక్షణము మన విమర్శసంప్రదాయమునకు క్రొత్తది కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వవిచారము’న పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను పరామర్శించునప్పుడు గుణములతోపాటు దోషములను సైతము హేతుపూర్వకముగా ఎత్తిచూపిరి. పరీక్షలోని 190 పదముల సమీక్షకు ఆ గాంభీర్యము అక్కరలేదు. ఆ హేతుబద్ధత మాత్రము కావలెను.

భాషావిషయమున ఒకటి రెండు సూక్ష్మములు గమనింపదగినవి. ఆంగ్లవిశేషణములలో తారతమ్యమును సహించునవి కొన్ని, పరాకాష్ఠను తెలుపునవి కొన్ని కలవు. ‘గుడ్’ అనుటకు ముందు ‘వెరీ’ చేరును. ‘బ్రిలియంట్’ వంటి పదమునకు ముందు ‘అబ్సల్యూట్లీ’ చేరుట సంప్రదాయము. తెలుగువాడుకలో ‘చాలా అద్భుతం’ అనుట కలదు కావున విద్యార్థి ‘వెరీ బ్రిలియంట్’ అని వ్రాయును. అట్లే గుణదోషములను ఒకే వాక్యమున చెప్పునప్పుడు ‘ఆల్దో’ అని ఆరంభించి మధ్యను ‘బట్’ అని చేర్చుదురు. తెలుగునను ‘నిడివి యెక్కువైనను విసుగు పుట్టదు’ అనియో ‘నిడివి యెక్కువే కాని విసుగు పుట్టదు’ అనియో ఒక్క సాధనముతోనే చెప్పుదుము, రెండును కలుపము. ఈ సామ్యమును చూపినచో దోషము సులభముగా తొలగును.

5. తెలుగు ఉపాధ్యాయుని కర్తవ్యము

పరీక్షయందు ఏ శైలి నంగీకరింపవలెనను ప్రశ్న తెలుగువారికి నూతనము కాదు. ఒక శతాబ్దమునకు పూర్వము మన భాషలో జరిగిన మహావివాదమున ముఖ్యమైన ఘట్టము విద్యార్థుల తెలుగు రచనను గూర్చినదే. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమువారి తెలుగు రచనా ఉపసంఘ నివేదికపై తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. గిడుగు రామమూర్తిగారు వ్యావహారికమునకై జీవితాంతము శ్రమించిరి. పరీక్షలో ఏ భాషకు చోటు దొరకునో అదియే విద్యగా చెలామణి యగునని ఆ మహనీయులు గుర్తించిరి. నేటి ఆంగ్లపరీక్షలు వ్యాసమునకు, నివేదికకు ఒక శైలిని, మిత్రలేఖకు వేరొక శైలిని కోరుచు, రెండును భాషాజ్ఞానములోని అంశములే యని అంగీకరించుచున్నవి. కావున విద్యార్థి ఒక శైలిని విడిచి వేరొకదానిని చేపట్టవలసిన పనిలేదు. ఎచ్చట ఏది తగునో ఎరుగుట కావలెను.

విదేశములలో చదువునకు, ఉద్యోగమునకు, స్థిరనివాసమునకు పోదలచిన తెలుగువారెందరో ఆంగ్లపరీక్షలకు కూర్చుండుచున్నారు. ‘ఐ. ఇ. ఎల్. టి. ఎస్.’ సాధారణశిక్షణ విభాగమున సైతము తొలిరచన లేఖయే. 20 నిమిషముల కాలములో కనీసము 150 పదములతో, చెప్పిన మూడు అంశములను పొందుపరచి వ్రాయవలసిన ఆ లేఖ ఒకమారు మిత్రునకు, ఒకమారు అధికారికి ఉద్దేశింపబడును. అట్టివారికి ఈ భేదము జీవితగతినే నిర్ణయింపవచ్చును. తెలుగుమాధ్యమమున చదివినవానికి ‘ఆంగ్లము రాదు’ అని పలువురు తేల్చివేయుదురు. అతనికి రానిది పెక్కుసారులు ఆంగ్లము కాదు. ఆంగ్లమున మిత్రునితో మాటలాడు అవకాశమతనికి ఎన్నడును కలుగలేదు. కంఠస్థవాక్యములను అమ్ముట ఆ లోపమును కప్పునే కాని తీర్పదు. మిత్రుడేమి అడిగినను మారని ఉపక్రమము, మిత్రుని మాట విననట్లే యుండును.

ఈ లోపమును తీర్చుటకు తెలుగుతరగతియే తగినచోటు. ఏలనన, విద్యార్థికి పూర్తిగ వశమైన భాషలో శైలిభేదమును గుర్తించుట సులభము. మూడు అభ్యాసములను సూచింపవచ్చును. మొదటిది: ఒకే వార్తను, ఉదాహరణమునకు ‘వానలవలన ప్రయాణము ఆగినది’ అను విషయమును, తాతగారికి, చెల్లెలికి, మిత్రునకు, తహశీల్దారునకు వేరువేరుగ తెలుగున వ్రాయించి, ఏ పదమెచ్చట మారెనో విద్యార్థులచేతనే గుర్తింపజేయుట. పిమ్మట మిత్రలేఖను, తహశీల్దారు లేఖను ఆంగ్లమున వ్రాయించినచో, తెలుగున క్రియాపదము చేసిన పనిని ఆంగ్లమున ఏ సాధనము చేయుచున్నదో వారికే తోచును. రెండవది: ఏ రచనకైనను ముందు ‘ఇది చదువువాడెవడు, అతనికిదివరకే ఏమి తెలియును, ఏమి తెలియదు’ అను ప్రశ్నలకు రెండు పంక్తులలో బదులు వ్రాయించుట. మూడవది: సమీక్షయందలి ప్రతి అభిప్రాయమునకును ఎదురుగ ‘ఏలనన’ అను శీర్షికక్రింద కారణమును వ్రాయించి, కారణము లేని అభిప్రాయమును కొట్టివేయించుట.

ఈ అభ్యాసముల ఫలము ఆంగ్లపరీక్షతో ఆగునది కాదు. మన బి. ఏ., ఎం. ఏ. విద్యార్థులు వ్రాయు గ్రంథసమీక్షలలో సైతము కథాసంగ్రహము విమర్శస్థానమును ఆక్రమించుట మనమెరుగనిది కాదు. పాఠకుని గుర్తింపనేర్చినవాడు రెండు భాషలయందును మేలుగ వ్రాయును. ఎనుబది నిమిషముల పరీక్ష ముగిసిన పిమ్మటను అతనికి ఆ విద్య నిలుచును.